ఒకే కొట్టు, మూడు పేర్లు: మా సబ్బుల కంపెనీ సాఫ్ట్‌వేరు ప్రాజెక్టు డైరీ

మార్చి 3, 2025

మావయ్య సబ్బుల కంపెనీకి సాఫ్ట్‌వేరు కట్టే పని ఇవాళ మొదలుపెట్టాను. కంపెనీ చిన్నదే. శ్రీకాకుళం ఊరి చివర రేకుల షెడ్డు, రెండు రకాల ఒంటి సబ్బు, బట్టల సబ్బు, వాషింగ్ పౌడరు, అంట్లు తోమే సబ్బు. ఆరుగురు సేల్స్‌మన్లు, రెండు వ్యాన్లు. ఇచ్ఛాపురం నుంచి రాజాం దాకా కొట్లకు మేమే నేరుగా సరుకు వేస్తాం. విజయనగరం టౌన్లో మాత్రం మా సరుకు కొని కొట్లకు వేసే ఒక స్టాకిస్టు ఉన్నారు.

విశాఖలో ఏడేళ్లు డేటాబేసుల పని చేసి వచ్చాను. మావయ్య అడిగింది ఒక్కటే. "అమ్మా, ఒక కొట్టు మన సరుకు మానేసిందని ఆర్నెల్ల తర్వాత తెలుస్తోంది. మానేసే ముందే తెలియాలి. అవుతుందా?" అవుతుందని మాటివ్వలేదు. చూస్తానన్నాను.

రెండేళ్ల కిందట బయటి నుంచి ఒక రెడీమేడ్ ప్యాకేజీ కొన్నారట. అది వందలమంది డిస్ట్రిబ్యూటర్లున్న పెద్ద కంపెనీల కోసం చేసింది. స్క్రీనంతా ఇంగ్లీషు. సిగ్నల్ లేకపోతే ఆర్డరు సేవ్ కాదు. ఒక్క ఆర్డరుకు తొమ్మిది స్క్రీన్లు దాటాలి. సేల్స్‌మన్లు నెల తిరక్కుండానే మళ్లీ ఆర్డరు బుక్కులు పట్టుకున్నారు. తప్పు వాళ్లది కాదు. కొట్టాయన ఒక చేత్తో పప్పు తూస్తూ, ఇంకో చేత్తో చిల్లర ఇస్తూ ఆర్డరు చెప్తాడు. ఆ అర నిమిషంలో రాసుకోలేకపోతే ఆర్డరు పోయినట్టే. నేను కట్టబోయేది ఆ అర నిమిషంలో ఇమడాలి.

మార్చి 6

పాత లెక్కలు బయటికి తీశాను. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పటి నుంచి ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేరులో బిల్లులన్నీ ఉన్నాయి. అంతకు ముందువి చిట్టాల్లో. ట్యాలీలో కొట్ల ఖాతాలు 2,316.

ఈ అంకె చెప్పగానే మా పెద్ద సేల్స్‌మన్ తలెత్తి చూశారు. ఇరవై రెండేళ్లుగా లైన్లకు, అంటే సరుకు వేసే ఊళ్ల దారుల్లో, తిరుగుతున్న మనిషి, నేను బాబాయ్ అంటాను. "ఇన్ని కొట్లేటి తల్లీ? మనం ఎల్లేవి పదిహేను వందలు దాటవు. మిగతావి ఎక్కడున్నాయో నువ్వే సెప్పాలి."

కూర్చుని జాబితా చదివించుకున్నాను. ఇరవై నిమిషాల్లో విషయం తేలిపోయింది. ఒకే కొట్టు మూడు పేర్లతో ఉంది. బిల్లు కొట్టే అబ్బాయికి పాత ఖాతా దొరక్కపోతే కొత్తది తెరిచేశాడు. లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరు ఎక్స్‌తో రాశారు, ఒకరు కె, ఎస్, హెచ్‌తో రాశారు. శ్రీ అన్న ఒక్క అక్షరానికే నాలుగు స్పెల్లింగులు. కొట్టుకు బోర్డు మీద ఒక పేరు, బిల్లులో యజమాని ఇంటిపేరుతో ఇంకొకటి, మా సేల్స్‌మన్ల నోట్లో "కోవెల ఎదురు కొట్టు".

ఊళ్ల పేర్లు మరో చిక్కు. "శ్రీకాకుళం రోడ్" అని ఉన్న 48 ఖాతాలను శ్రీకాకుళం టౌన్ కింద వేసుకున్నాను. బాబాయ్ ఆపారు. శ్రీకాకుళం రోడ్ అనేది రైల్వే స్టేషను పేరు, ఆ స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. స్టేషను దగ్గరి కొట్లను పాత గుమస్తా అలాగే రాసుకున్నాడు. ఇక్కడ పుట్టి పెరిగిన నాకు అది స్ఫురించాల్సింది. పలాస, కాశీబుగ్గ కూడా అంతే. రెండూ కలిపి ఒకటే మునిసిపాలిటీ, పక్కపక్క కొట్లే ఒకటి పలాస అనీ ఒకటి కాశీబుగ్గ అనీ.

ఇక జిల్లాలు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు రాజాం విజయనగరం జిల్లాకు పోయింది. పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాకు పోయాయి. ఆ ఏడాది రిపోర్టులో శ్రీకాకుళం జిల్లా అమ్మకాలు పడిపోయాయని ఎర్రసిరాతో రాసి ఉంది. పడిపోలేదు, గీత మారింది. అందుకే జిల్లాను ఖాతాలో రాయకూడదని తీర్మానించుకున్నాను. ఖాతాలో ఊరు, మండలం ఉంటాయి. ఏ మండలం ఏ తేదీ నుంచి ఏ జిల్లాలో ఉందో వేరే పట్టికలో ఉంటుంది.

మార్చి 14

జంట ఖాతాలు పట్టే పని. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసులో ట్రైగ్రామ్ పోలిక అని ఒకటుంది. పేరును మూడేసి అక్షరాల ముక్కలుగా కోసి, రెండు పేర్లలో ఎన్ని ముక్కలు కలిశాయో చూసి సున్నా నుంచి ఒకటి మధ్య ఒక మార్కు ఇస్తుంది. మామూలుగా 0.3 దాటితే పోలిక ఉందంటుంది. నేరుగా వాడితే చెత్త వచ్చింది. కిరాణా, జనరల్, స్టోర్స్ అన్న మాటలు ప్రతి పేరులో ఉంటాయి కాబట్టి ఊరంతా ఒకరికొకరు చుట్టాలైపోయారు.

ముందు ఆ మాటలు తీసేశాను. తర్వాత తెలుగు పేరు ఇంగ్లీషులో రాసేటప్పుడు మనవాళ్లు చేసే మార్పులన్నిటికీ ఒక నియమం పెట్టాను. ఎక్స్ ఉంటే క్ష. టి పక్కన హెచ్ ఉన్నా లేకపోయినా ఒకటే. ఇంగ్లీషు 'ఈ' అక్షరం రెండుసార్లు వస్తే ఒక 'ఐ', 'ఓ' అక్షరం రెండుసార్లు వస్తే ఒక 'యు'. పేరు చివర ఇంగ్లీషు 'ఏ' ఉన్నా ఊడినా ఒకటే. ఈ నియమాలు రాయడానికి రెండు రోజులు పట్టింది. ఇంగ్లీషు పేర్లను పలికే తీరును బట్టి పోల్చడానికి చేసిన సౌండెక్స్ లాంటి పాత పద్ధతులు మన పేర్లకు పనికిరావు. సుబ్బారావు, శివారావు రెంటికీ ఏం తేడా ఉందో వాటికి అక్కర్లేదు, మనకు కావాలి.

పేరు ఒక్కటే చాలదని ఫోను నంబరు, ఊరు, జీఎస్టీ నంబరు కూడా కలిపాను. జీఎస్టీ నంబరు ఉంటే పని సులువు. పదిహేను అక్షరాలు, మొదటి రెండూ రాష్ట్రం కోడు, మనది 37, తర్వాతి పది పాన్ నంబరు, చివరిది తప్పు పట్టే అంకె లేదా అక్షరం. కానీ మా కొట్లలో ఎక్కువ చిన్నవి. బడ్డీ కొట్టుకు జీఎస్టీ నంబరు ఎక్కడుంటుంది?

మొత్తం 911 జంటలు అనుమానంగా తేలాయి. 400 వరకు బాబాయ్, మిగతా సేల్స్‌మన్లు చూసి నిర్ణయించారు. మిగిలినవి ఫోను నంబరు కలిసిందన్న ధైర్యంతో నేనే కలిపేశాను.

ఏప్రిల్ 9

ఫోను యాప్ మొదటి రూపం. ఆర్డరు ముందు ఫోన్లోనే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసులో పడుతుంది, సిగ్నల్ దొరికినప్పుడు ఆఫీసుకు వస్తుంది. ప్రతి ఆర్డరుకూ ఫోనే ఒక ప్రత్యేక సంఖ్య పుట్టిస్తుంది. అదే ఆర్డరు నాలుగుసార్లు వచ్చినా సర్వరు ఒకసారే లెక్కేసుకుంటుంది. ఇది లేకపోతే సీతంపేట కొండల్లో సగం సిగ్నల్‌తో పంపిన ఆర్డరు రెండు బిల్లులై, కొట్టాయనకు రెండింతల సరుకు దిగుతుంది.

స్క్రీను మొత్తం తెలుగులో. "కస్టమర్ అవుట్‌స్టాండింగ్" కాదు, "బాకీ". "రిటైల్ అవుట్‌లెట్" కాదు, "కొట్టు". ఆర్డరు లేకపోతే ఎందుకు లేదో చెప్పే నాలుగు బటన్లు పెట్టాను: కొట్టు మూసి ఉంది, సరుకు ఉంది, డబ్బు లేదు, వేరే కంపెనీ సరుకు పెట్టారు.

జీపీఎస్ గురించి ఆఫీసులో గంటసేపు మాటలు నడిచాయి. రోజంతా సేల్స్‌మన్ ఎక్కడెక్కడ తిరిగాడో మ్యాపు మీద చూపించొచ్చని గుమస్తా అన్నాడు. పెద్ద కంపెనీల్లో అలాగే చేస్తారని కూడా అన్నాడు. నాకిష్టం లేదు, మావయ్యకూ లేదు. ఇరవై ఏళ్లు నమ్మి ఊళ్లు అప్పగించిన మనిషి వెనక నిఘా పెట్టకూడదు. కొట్టు దగ్గర ఆర్డరు రాసే క్షణంలో మాత్రమే ఆ చోటు నమోదవుతుంది. అది మనిషి కోసం కాదు, కొట్టు ఎక్కడుందో తెలియడం కోసం. దీన్ని సేల్స్‌మన్లందరినీ కూర్చోబెట్టి చెప్పాను. అప్పుడే ఫోన్లు చేతిలోకి తీసుకున్నారు.

ఏప్రిల్ 24

బాబాయ్‌తో సీతంపేట లైనుకు వెళ్లాను. ఉదయం ఏడింటికి వ్యాను ఎక్కితే తిరిగి వచ్చేసరికి రాత్రి ఎనిమిది. 31 కొట్లు. నా యాప్‌లో ఆర్డరుకు సగటున యాభై సెకన్లు పట్టింది. పుస్తకంలో బాబాయ్‌కి ఇరవై. తేడా ఎక్కడుందో చూశాను. బాబాయ్ పోయినసారి ఆర్డరు తిరగేసి "అదేనా మళ్లీ?" అని అడుగుతారు, కొట్టాయన "ఊఁ, పౌడరు ఇంకో కేసు కలుపు" అంటాడు, అయిపోతుంది. నేను మాత్రం ఖాళీ ఆర్డరు తెరిచి ఒక్కొక్క సరుకూ వెతికిస్తున్నాను. రాత్రే మార్చాను. ఇప్పుడు కొట్టు పేరు నొక్కగానే పోయినసారి ఆర్డరు నిండి ఉంటుంది, ప్లస్సూ మైనస్సూ నొక్కితే చాలు.

ఇంకొకటి చూశాను. ఒక ముసలావిడ కొట్లో మా వాషింగ్ పౌడరు ప్యాకెట్లు అడుగున నాలుగు, తేమకు గడ్డకట్టి ఉన్నాయి. "ఇవి మార్సి ఇయ్యవేటి నాయనా?" అని అడిగింది. బాబాయ్ ఈసారి చూద్దామన్నారు. ఆర్డరు ఇవ్వలేదు. యాప్‌లో బాబాయ్ "సరుకు ఉంది" అన్న బటను నొక్కారు. అప్పుడు నాకేమీ తట్టలేదు, రాసి మాత్రం పెట్టుకున్నాను.

మే 12

ఈ రోజు నా వల్ల ఒక కుటుంబానికి ఇబ్బంది కలిగింది.

టెక్కలి లైనులో ఒకే ఇంటిపేరు, ఒకే ఫోను నంబరు, ఒకే ఊరు ఉన్న రెండు ఖాతాలను మార్చిలో నేనే కలిపాను. అవి అన్నదమ్ములవి. నాలుగేళ్ల కిందట వేరుపడి, ఒకే వీధిలో రెండు కొట్లు పెట్టుకున్నారు. ఫోను నంబరు పాతది, ఉమ్మడిగా ఉన్నప్పటిది. అన్నకు పద్నాలుగు వేల చిల్లర బాకీ ఉంది. తమ్ముడికి పైసా లేదు. ఇవాళ వ్యానువాళ్లు తమ్ముడి కొట్లో సరుకు దింపి, బిల్లు మీద పాత బాకీ పద్నాలుగు వేలు చూపించారు. అక్కడ నలుగురు కొనేవాళ్లున్నారు. వాళ్లముందు ఆయన్ను బాకీదారు చేశాం. ఆయన సరుకు వెనక్కి పంపేశారు.

మే 13

బాబాయ్‌తో కలిసి వెళ్లాను. ఆయన కుర్చీ వేశారు గానీ మాట్లాడలేదు. తప్పు సేల్స్‌మన్‌ది కాదని, లెక్కలు కలిపింది నేనని, పేరు చూసి కలిపానని చెప్పాను. చాలాసేపటికి ఆయనన్నారు, "పంపకాలప్పుడు బాకీలన్నీ తీర్సుకుని బయటికొచ్చినోణ్ణమ్మా. ఒకరికి బాకీ లేననేదొక్కటే నాకు మిగిలింది." నేనేమీ అనలేకపోయాను. సరి చేసిన బిల్లు ఇచ్చి, క్షమించమని అడిగి వచ్చాం.

తిరిగొస్తూ నిశ్చయించుకున్నవి. ఏ రెండు ఖాతాలనూ కంప్యూటరు దానంతటది కలపకూడదు, నేనూ ఆఫీసులో కూర్చుని కలపకూడదు. ఆ కొట్టు గుమ్మంలో నిలబడ్డ మనిషి చెప్తేనే కలపాలి. కలిపినా పాత ఖాతా కోడు చెరిగిపోకూడదు, ఒక్క మీటతో మళ్లీ విడదీయగలగాలి. బాకీ మాత్రం రెండు వైపుల నుంచీ ఒప్పుకోలు వచ్చేదాకా ఎవరి ఖాతాకూ మారకూడదు. ఈ లెక్కన నేను కలిపిన జంటలన్నీ విడదీశాను. మళ్లీ ఒక్కొక్కటీ లైనులోనే తేలాలి. రెండు నెలల పని పెరిగింది. పెరగనీ.

జూన్ 3

మావయ్య అడిగిన దాని మీద మొదటి ప్రయత్నం. చాలాచోట్ల వాడే పద్ధతి ఒకటుంది. ఖాతాదారు చివరిసారి ఎప్పుడు కొన్నాడు, ఎన్నిసార్లు కొన్నాడు, ఎంతకు కొన్నాడు అని మూడు మార్కులు వేసి గుంపులు చేస్తారు. చేశాను. "జారిపోతున్నవి" అన్న గుంపులో 214 కొట్లు తేలాయి.

జాబితా బాబాయ్ చేతికిచ్చాను. పది నిమిషాలు చదివి తల అడ్డంగా ఊపారు. "ఇవి జారిపోనేదు తల్లీ. కళింగపట్నం, భావనపాడు, బారువ, అన్నీ సముద్రపొడ్డు కొట్లే. వేట నేదు కదా!"

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో చేపల వేట నిషేధం, 61 రోజులు. పడవలు ఒడ్డునే ఉంటాయి. చేతిలో డబ్బు ఆడదు. కొట్టాయన బియ్యం, నూనె అరువు మీద ఇస్తాడు గానీ సబ్బు కేసులు నిల్వ చేయడు. ఇది ఏటేటా జరిగేదే. నా లెక్కకు నెల తెలుసు, సముద్రం తెలీదు.

అదే జాబితాలో జీడి, కొబ్బరి తోటల ప్రాంతమైన ఉద్దానం కొట్లు దీనికి ఎదురుగా ఉన్నాయి. జీడి తోటల పని నడిచే మార్చి, ఏప్రిల్, మేల్లో అక్కడ కొనుగోళ్లు పెరుగుతాయి, తర్వాత తగ్గుతాయి. తగ్గినప్పుడు భయపడనక్కర్లేదు.

కాబట్టి ప్రతి కొట్టునూ జిల్లా సగటుతో పోల్చడం మానేశాను. ఏ కొట్టును ఆ కొట్టుతోనే, పోయిన రెండేళ్లలో అవే వారాలతోనే పోల్చాలి. కొత్త కొట్టయితే ఆ లైనులోని మిగతా కొట్లతో. ఇంకొక మార్పు కూడా చేశాను. ఆర్డరు రాని రోజులు లెక్కపెట్టడం తప్పు. సేల్స్‌మన్‌కి జ్వరం వచ్చి రెండు వారాలు వెళ్లకపోతే అది కొట్టు తప్పు కాదు. మనవాడు వెళ్లి, కొట్టు తెరిచి ఉండి, ఆర్డరు రాని సార్లు మాత్రమే లెక్క. ఇలా చేస్తే 214 కాస్తా 39 అయింది.

జూలై 8

చిన్న పని, కానీ చేయక తప్పనిది. పాత ఫోల్డర్లలో కొట్టు యజమానుల ఆధార్ కార్డుల ఫోటోలు కనిపించాయి. అప్పు ఇచ్చేటప్పుడు ఎవరో అడిగి తీసుకున్నారు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, నియమాలు ఇంకా ఖరారు కాలేదు. నియమాలు వచ్చేదాకా ఆగడం ఎందుకు? సబ్బులు అమ్మడానికి ఆధార్ ఫోటో అక్కర్లేదు. మావయ్యకు చెప్పి అన్నీ తీసేయించాను. పేరు, ఫోను, కొట్టు చోటు, ఆర్డర్లు, బాకీ. మా దగ్గర ఇవే ఉంటాయని తెలుగులో రాసిన చీటీ కొత్త ఖాతా తెరిచేటప్పుడు చదివి వినిపిస్తాం.

ఆగస్టు 19

పాత సంవత్సరాల డేటాలో రెండు గుంటలు లెక్కను పాడు చేస్తున్నాయి. ఒకటి తిత్లీ తుపాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. ఆ లైనులో మా బిల్లులు నవంబరు దాకా దాదాపు లేవు. తోట పోయిన ఊళ్లో కొట్టు లేవడానికి చాలాకాలం పట్టింది. రెండోది 2020 మార్చి 25న మొదలైన లాక్‌డౌను. సబ్బుకు గిరాకీ పెరిగింది, వ్యాన్లు మాత్రం తిరగలేదు. ఈ రెండు కాలాలనూ "పోలికకు వాడొద్దు" అని గుర్తు పెట్టాను. చెరపలేదు. తిత్లీ తర్వాత ఏ కొట్టు ఎప్పుడు మళ్లీ మొదటి కేసు కొందో ఆ వరసలో ఉంది. దాన్ని ఎవరైనా చదవాల్సిన రోజు వస్తుంది.

సెప్టెంబరు 4

నిన్న రాత్రి జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయం వచ్చింది. ఒంటి సబ్బు మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి, ఈ నెల 22 నుంచి. వాషింగ్ పౌడరు 18లోనే ఉంటుంది.

నా పట్టికలో పన్ను శాతం సరుకు పేరు పక్కనే ఒక్క గడిలో ఉంది. అక్కడ 18 తీసి 5 రాస్తే పాత బిల్లులు మళ్లీ ప్రింటు తీసినప్పుడు కూడా 5 చూపిస్తాయి. పైగా 22కు ముందు అమ్మిన సబ్బు 22 తర్వాత వెనక్కి వస్తే, దాని డబ్బు తగ్గిస్తూ ఇచ్చే క్రెడిట్ నోటు పాత బిల్లు శాతంతోనే, 18తోనే వేయాలి. అంటే ప్రతి సరుకుకూ "ఏ తేదీ నుంచి ఎంత" అన్న వరస ఉండాలి, క్రెడిట్ నోటు తన పాత బిల్లు ఏదో గుర్తుంచుకోవాలి. జిల్లాల విషయంలో మార్చిలో నేర్చుకున్నదే. అప్పుడే పన్నుకూ అలాగే చేయాల్సింది.

సెప్టెంబరు 15

"జారిపోతున్నవి" జాబితా ఒక్క వారంలో 30 నుంచి 640కి ఎగిరింది. మావయ్య ఫోను చేశారు. ఈసారి నాకు బాబాయ్ చెప్పనక్కర్లేకపోయింది. రేటు తగ్గుతుందని ఊరందరికీ తెలుసు. 22 దాకా ఆగితే తక్కువకు వచ్చే సబ్బును ఇప్పుడెవరు కేసులకొద్దీ దింపుకుంటారు? కొట్టాయన ఉన్నది అమ్ముకుంటూ ఆగాడు. యాప్‌లో చూస్తే అందరిదీ ఒకటే కారణం, "సరుకు ఉంది". కానీ అదే కొట్లు వాషింగ్ పౌడరు మాత్రం మామూలుగానే తీసుకుంటున్నాయి. కంపెనీ మీద కోపంతో మానేసేవాళ్లు ఒక్క ఒంటి సబ్బే మానరు. 22 దాకా ఒంటి సబ్బును హెచ్చరికల లెక్క నుంచి తప్పించాను.

సెప్టెంబరు 23

నిన్నటి నుంచి కొత్త రేట్లు. చిన్న సబ్బు ఎంఆర్‌పీ 10 రూపాయలు. పన్ను తేడా తీస్తే 8 రూపాయల 90 పైసలవుతుంది. ఆ చిల్లర ఏ కొట్లో ఉంటుంది? మావయ్య ధర పదిలోనే ఉంచి, బరువు 100 గ్రాముల నుంచి 112కి పెంచారు. పెద్ద సబ్బుకు మాత్రం ధర తగ్గించారు.

దీంతో నా రిపోర్టులు మళ్లీ తప్పాయి. పన్ను కలిపిన రూపాయల్లో చూస్తే అమ్మకం పడిపోయినట్టుంది. సబ్బుల సంఖ్యలో చూస్తే ఒకలా, కిలోల్లో చూస్తే ఇంకోలా ఉంది. ఇక నుంచి పోలికలన్నీ పన్ను తీసేసిన రూపాయల్లో, పక్కనే కిలోల్లో. 112 గ్రాముల సబ్బుకు కొత్త కోడు ఇచ్చి, అది 100 గ్రాముల దాని వారసురాలని పట్టికలో ముడి వేశాను. లేకపోతే ప్రతి కొట్టూ పాత సబ్బు మానేసి కొత్తది మొదలుపెట్టినట్టు కనిపిస్తుంది.

అక్టోబరు 9

మొన్న మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. దసరాకు ముందు స్టాకిస్టు భారీగా సరుకు ఎత్తారు, రిపోర్టులో విజయనగరం గ్రాఫు ఆకాశంలో ఉంది. అది కొట్లకు అమ్మిన లెక్క కాదు, స్టాకిస్టు గోడౌనుకు పోయిన లెక్క. కొట్లకు ఎంత వెళ్లిందో మాకు కనిపించదు. కనిపించనిదాన్ని కనిపించినట్టు గ్రాఫు గీయడం నాకిష్టం లేదు. విజయనగరాన్ని వేరే పేజీలో పెట్టి, పైన "గోడౌను దాకా మాత్రమే" అని రాశాను.

అక్టోబరు 21

ఇవాళ దొరికింది.

ఈ ఆర్నెల్లలో నిజంగా మానేసిన కొట్లు 27. మళ్లీ మళ్లీ వెళ్లి అడిగి, బాబాయ్ వాళ్లు ఖాయం చేసినవి. ఆ 27 కొట్ల బిల్లులు మానేయడానికి ముందటి మూడు నెలలవి పక్కపక్కన పరిచి చదివాను. మొత్తం రూపాయల్లో పెద్దగా తేడా లేదు. తేడా సరుకుల సంఖ్యలో ఉంది. అయిదు రకాలు తీసుకునే కొట్టు నాలుగు, తర్వాత రెండు, తర్వాత సున్నా. అన్నిటికంటే ముందు ఆగిపోయింది, 27లో 19 కొట్లలో, వాషింగ్ పౌడరు.

సీతంపేట లైనులో ముసలావిడ గుర్తొచ్చింది. ఏప్రిల్ రాతలు తీసి చూశాను. ఆవిడ కొట్టు ఆ 19లో ఉంది.

బాబాయ్‌ని కూర్చోబెట్టి అడిగాను. "వర్సాల్లో పౌడరు గడ్డకడతాది తల్లీ. సముద్రపొడ్డున మరీను. కొట్టోళ్లు మార్సమంటారు. ఆఫీసోళ్లు డ్యామేజీ తీసుకోరు. నాను ఊరికే ఈసారి, వచ్చేసారి అంటాను. మూడుసార్లు సూస్తారు, ఆపైన మానేస్తారు." ఇది ఎందుకు చెప్పలేదని అడగలేదు. చెప్పడానికి నా యాప్‌లో బటను లేదు. "సరుకు ఉంది" అనేది నొక్కారు. సరుకు ఉన్నమాట నిజమే, అమ్ముకోలేని సరుకు.

ఏడు నెలలుగా మేం ఎంత అమ్మామో లెక్కపెట్టే వ్యవస్థ కడుతున్నాను. కొట్లో ఏది పాడైందో, ఎవరు మార్చమని అడిగారో, మనం ఏం జవాబు చెప్పామో ఎక్కడా రాసుకోలేదు.

నవంబరు 3

అయిదో బటను వచ్చింది: "డ్యామేజీ ఉంది". నొక్కితే సరుకు, ఎన్ని ప్యాకెట్లు, ఒక ఫోటో. వెంటనే ఒక చీటీ నంబరు పుడుతుంది, కొట్టాయనకు వాట్సాప్‌లో తెలుగులో వెళ్తుంది. వచ్చే వ్యానులో మార్చి ఇవ్వకపోతే ఆ చీటీ ఎరుపెక్కి మావయ్య స్క్రీను మీద పైన కూర్చుంటుంది. పన్నెండు రోజులు దాటకూడదని మావయ్యే గడువు పెట్టారు.

ఖర్చు గురించి గుమస్తా గట్టిగానే వాదించాడు. ఊరికే మారుస్తామంటే పాతవన్నీ తెచ్చి మన నెత్తిన పెడతారన్నాడు. ఆ భయం తీసిపారేయలేం. అందుకే ప్యాకెట్ మీది తయారీ నెల కూడా ఫోటోలో కనిపించాలి. ఆ నెలలను బట్టి చూస్తే గడ్డకట్టినవాటిలో ఎక్కువ ఒకే సైజువి, పల్చటి కవరువి. ఇప్పుడు మావయ్య ఆ కవరు మందం పెంచమని ప్రింటింగు వాళ్లతో మాట్లాడుతున్నారు. కేసుకు ఎంత పెరుగుతుందో ఇంకా తేలలేదు.

నవంబరు 18

కోతలు మొదలయ్యాయి, నరసన్నపేట, టెక్కలి లైన్లలో ఆర్డర్లు పెరుగుతున్నాయి. ఇది ఏటా పెరిగేదే కాబట్టి నా గొప్పేమీ లేదు. హెచ్చరికల జాబితాలో ఇవాళ 22 కొట్లున్నాయి. రకాలు తగ్గుతున్న కొట్లు పైన, రూపాయలు తగ్గుతున్నవి కింద. పొద్దున్నే ఆ జాబితా సేల్స్‌మన్ల ఫోన్లలో ఉంటుంది, ఎదురుగా చివరి డ్యామేజీ చీటీ ఏమైందో కూడా ఉంటుంది.

మానేసిన 19 కొట్లలో 11 చోట్లకు బాబాయ్ పౌడరు ప్యాకెట్లు పట్టుకెళ్లి మార్చి వచ్చారు. ఆర్డరు అడగలేదు. ఏడు కొట్లు మళ్లీ తీసుకున్నాయి. ముసలావిడ ఇంకా తీసుకోలేదు, ప్యాకెట్లు మాత్రం పుచ్చుకుని బాబాయ్‌కి టీ ఇచ్చిందట. టెక్కలి లైనులో తమ్ముడిగారి కొట్టు ఇప్పుడు తన సొంత కోడుతో, తన సొంత ఫోను నంబరుతో ఉంది. పోయిన వారం రెండు కేసులు తీసుకున్నారు. బిల్లు కింద పాత బాకీ సున్నా.

మిగిలిన పని: విజయనగరం స్టాకిస్టుగారితో కూర్చోవాలి. ఆయన కొట్ల జాబితా ఆయన ఆస్తి, ఊరికే ఇవ్వమంటే ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. డ్యామేజీ చీటీ పద్ధతి ఆయన సేల్స్‌మన్లకు ముందు ఇచ్చి చూస్తాను. శుక్రవారం వస్తానని చెప్పాను.